ఇస్త్రీ వద్దన్న వరస

స్టూడియోలో ఆమెను ఇస్త్రీ అక్క అంటారు. బట్టలతో ఆమెకు బొత్తిగా పొత్తు లేదు. ఆమె మడతపెట్టిన దుప్పటి ఒకసారి చూస్తే ఆ పేరు పెట్టినవాళ్ళే నాలిక కరుచుకుంటారు. ఆమె మడతలు తీసేది పాటలకు. కీబోర్డు వాయించేవాళ్ళు వాయించి వెళ్ళిపోతారు. కంప్యూటరులో మిగిలేది శబ్దం కాదు, ఆనవాలు. ఏ మెట్టు నొక్కారు, ఎప్పుడు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే. తెర మీద ఒక్కో స్వరం ఒక్కో చిన్న పట్టీగా కనిపిస్తుంది. తాళం గీతకు ముందో వెనకో పడిన పట్టీలన్నిటినీ పట్టుకుని ఒక్క మీట నొక్కితే చాలు, బుద్ధిమంతుల్లా గీత మీదికి వచ్చి నిలబడతాయి. ఇంకో మీటతో గట్టిగా నొక్కినవీ మెల్లగా నొక్కినవీ సమానమైపోతాయి. స్టూడియో భాషలో దాని పేరే ఇస్త్రీ.

ఏ ఫైలు వచ్చినా ఆమె ముందు ఇస్త్రీ చేస్తుంది, తర్వాతే వింటుంది. ఒక్కోసారి అసలు వినదు. తీరిక ఎక్కడిది? "అక్కా, అయిందా?" అంటూ యజమాని గుమ్మంలో కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటాడు.

తండ్రిది దీనికి పూర్తిగా ఎదురు దారి. ఆయన బతుకంతా ఒక డాన్సు స్కూల్లో పిల్లల అడుగులకు కీబోర్డు వాయించారు. పిల్ల పాదం నేలకు తగిలేదాకా ఆగి, అప్పుడు మెట్టు మీద వేలు వేసేవారు. తప్పటడుగు వేసిన పిల్ల కోసం కూడా ఆగేవారు. అదే అలవాటై, ఒంటరిగా వాయించుకున్నా చెయ్యి తాళానికి రవ్వంత వెనకే ఉండేది. పిల్లలు ఆయనకు లేటు మాస్టారని పేరు పెట్టారు. ఆలస్యం అమృతం విషం అని భార్య ఎత్తిపొడిస్తే, "అది అమృతం సంగతే. నాది టీ. చల్లారినా తాగొచ్చు" అని నవ్వేవారు.

పోయిన వేసవిలో కూతురు ఆయన కీబోర్డును తన కంప్యూటరుకు తగిలించి, ఏదైనా వాయించమంది. క్లాసు అయిపోయి పిల్లలు చెప్పులు వెతుక్కునే వేళ ఆయన తనకోసం వాయించుకునే సొంత వరస ఒకటి ఉంది. దాన్ని మొదటినుంచి చివరిదాకా వాయించారు. లేస్తూ లేస్తూ, "దీనికి మాత్రం ఇస్త్రీ చెయ్యకే తల్లీ. నలిగిందే నాది" అన్నారు.

"సరే నాన్నా" అంది ఆమె. ఆ మాట చెవి విన్నది గానీ చేతికి చేరలేదు.

వానలు మొదలయ్యాక ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడదీసుకుని వచ్చింది, కాలు కర్ర సాయంతో ఈడ్చుకుంటూ కదిలింది. చెయ్యి మాత్రం ఒళ్ళో పెట్టుకున్న పరాయి వస్తువులా ఉండిపోయింది. వ్యాయామం చేయించడానికి నర్సు వస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు.

"ఎవరికోసం కదపాలి? నేనేం వాయించానని? పిల్లల గంతులకి టకటకా కొట్టాను. అంతేగా."

భార్య ఏడ్చింది. కూతురు బతిమాలింది, కసిరింది, అలిగింది. ఇప్పుడు కదపకపోతే ఆ చెయ్యి ఇక అలాగే బిగిసిపోతుందని నర్సు మొహమాటం లేకుండా చెప్పేసింది. చివరికి ఒక ఉదయం ఆయనే నోరు విప్పారు.

"ఆ వేళ వాయించింది ఉందిగా. వినిపించు. అందులో నేనున్నాననిపిస్తే నర్సమ్మ చెప్పినట్టల్లా చేస్తా. లేకపోతే నన్నిలా వదిలెయ్యండి."

ఆమె సంబరంగా తన గదిలోకి పరుగెత్తి ఫైలు తెరిచింది. పట్టీలన్నీ గీతల మీద నిటారుగా నిలబడి ఉన్నాయి. కింద నొక్కుడు బలం చూపే గీతలు కోసినట్టు ఒకే ఎత్తున ఉన్నాయి. అయినా మోగించి చూసింది. వరస అదే, తప్పొక్కటి లేదు. తండ్రే లేడు.

ఎప్పుడు చేసిందో తెలిసిపోయింది. ఏదో పనికీ పనికీ మధ్య, ఒకసారి విందామని తెరిచింది. చెవికంటే ముందు చేతులు వెళ్ళాయి. అన్నీ పట్టుకో, ఇస్త్రీ, సమం, భద్రం. అంతలో యజమాని ఫోను చేస్తే మూసేసి స్టూడియోకు వెళ్ళింది. రెండో కాపీ లేదు. చేసినదాన్ని వెనక్కి తిప్పే మీట ఒకటుంది గానీ, ఫైలు మూశాక దానికి ఏమీ గుర్తుండదు. అది తెలిసి కూడా పిచ్చిదానిలా దాన్నే నొక్కుతూ కూర్చుంది. కంచే చేను మేసింది, ఇక ఎవరిమీద మొత్తుకోవాలి?

అమ్మ గుమ్మంలోకి వచ్చింది. "ఏమైందే? ఆయన అడుగుతున్నారు."

"వైరు కనబడటం లేదమ్మా. రేపు వినిపిస్తానని చెప్పు."

ఆ రేపు మరో రేపయింది. పని మానేసి ఆమె ఆ తెర ముందే కూర్చుంది. స్వరాలను మనిషి వాయించినట్టు అటూ ఇటూ చెదరగొట్టే మీట కూడా ఆ సాఫ్టువేరులో ఉంది. అది నొక్కితే తండ్రి రాలేదు, తాగుబోతు వచ్చాడు. గుర్తున్నంతలో ఒక్కో పట్టీని చేత్తో వెనక్కి లాగింది. లాగినకొద్దీ అసలు గుర్తున్నదే చెదిరిపోసాగింది. పక్కగదిలోంచి ఆయన దగ్గు వినపడినప్పుడల్లా ఆమె శబ్దం ఇంకాస్త తగ్గించేది.

అలా వెతుకుతూ వెతుకుతూ తెర అట్టడుగున, ఎప్పుడూ మూసి ఉంచే అర ఒకటి తెరిచింది. అది పెడల్‌ది, అంటే వేలు తీసినా స్వరం మోగుతూ ఉండేలా కాలితో తొక్కే మీటది. కాలు ఎప్పుడు తొక్కింది, ఎప్పుడు లేచింది అని రాసుకునే చోటు. ఇస్త్రీ స్వరాలకే పడింది, పెడల్‌ను ముట్టుకోలేదు. అక్కడ గుర్తులన్నీ గీతలకు దూరంగా, ఎక్కడివి అక్కడే, ఆయన తొక్కిన చోటే ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది. చిన్నప్పుడు క్లాసులో కీబోర్డు కింద దూరి కూర్చుని చూసిన పాదం అది. "చెయ్యి పడ్డాకే కాలు పడాలి. ముందు పడితే స్వరాలు కలిసిపోయి బురద" అని ఆయన పైనుంచి చెప్పేవారు.

అయితే ప్రతి స్వరమూ పెడల్‌కు కాస్త ముందు పడి ఉండాలి. ఎంత ముందు? అది మాత్రం తెర మీద లేదు. కాలిని పట్టుకుని చేతిని వెతుక్కుంటూ ఆమె ఒక్కో పట్టీనీ జరిపింది. పెడల్ లేనిచోట కూనిరాగం తీస్తూ ఊహించింది. నొక్కుడు బలాలనైతే దేవుడి మీద భారం వేసి పెంచింది, తగ్గించింది. అయిందనుకున్నప్పుడు అయిందో లేదో తెలుసుకునే చెవి కూడా ఆమెకు మిగల్లేదు.

మధ్యాహ్నం ఆయన మంచం పక్కన స్పీకరు పెట్టి మోగించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. అమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. వరస అయిపోయింది.

"కాలు నాదే" అన్నారాయన.

ఆమె ప్రాణం లేచొచ్చింది.

"చెయ్యి ఎవరిది?"

ఆమె స్పీకరు వైరు సర్దబోయింది.

"అడిగేది నిన్నే. ఆ చెయ్యి ఎవరిదే?"

"నాది నాన్నా" అంది ఆమె. దాచడానికి ఇక ఏముంది? అంతా చెప్పేసింది. "ఇస్త్రీ చేసేశాను. చూసుకోలేదు. ఉన్న ఒక్కదాన్నీ నేనే తుడిచేశాను నాన్నా."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా గోడవైపు తిరిగారు. నర్సు వచ్చి పిడికిలి విప్పబోతే విప్పనివ్వలేదు.

మర్నాడు ఆమె తెర ముందు ఊరికే కూర్చుంది. ఆ ఫైలును చెరిపేద్దామనిపించింది. కాలు ఆయనదీ చెయ్యి తనదీ అయిన ఆ వరస ఎవరికి కావాలి? ఇంత చదువూ ఇంత పనీ నేర్చి కన్నతండ్రి చేతిని చదును చేసింది. తన వేళ్ళంటేనే ఆమెకు అసహ్యం వేసింది.

వెనక కర్ర చప్పుడైంది. ఆయన కాలీడ్చుకుంటూ వచ్చి ఆమె భుజం తట్టి, లెమ్మని సైగచేసి, కుర్చీలో కూర్చున్నారు.

"ఏదీ, చూపించు. మొదటిది ఏది?"

ఆమె మొదటి పట్టీ చూపించింది. "ఇది ఎక్కడ పడాలో చెప్పు నాన్నా, అక్కడ పెడతా."

"నోటికేం తెలుసు? తెలిస్తే చేతికే తెలియాలి."

ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి మౌస్ మీద పడేశారు. ఆమె బిగిసిన ఆ వేళ్ళను ఒక్కొక్కటీ విప్పి, చూపుడువేలును మీట మీద ఉంచింది. ఆయన పళ్ళు బిగించారు. చెయ్యి వణికింది. పట్టీ కదిలింది, జారింది, గీత దాటింది, పెడల్ కూడా దాటి అవతలెక్కడో పడింది. లేటు మాస్టారుకు కూడా అది మరీ లేటు.

ఆమె ఎడమ చెయ్యి తనంతట తానే మీటల వైపు వెళ్ళింది.

"ఇస్త్రీ చెయ్యకు" అన్నారాయన.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. ఆయన ఊపిరి తీసుకుని, అదే పట్టీని మళ్ళీ పట్టుకోబోయారు.