బావ ఇంజిన్ అలిగింది

మా బావ ఇంజిన్‌ని బుజ్జగించనిదే స్టార్ట్ చేయడు. ఏరు దాటించే లాంచీలో ఆయన ఇంజిన్ డ్రైవరు, నేను పైన చుక్కాని పట్టే సరంగుని. మా అక్కను చేసుకున్నాడు కాబట్టి ఇంట్లో భరించాను, ఒకే లాంచీలో కొలువు కాబట్టి బయటా భరించాను. మిగతా ట్రిప్పులకు పేచీ లేదు. పొద్దున ఏడు గంటల ట్రిప్పు మాత్రం ఆరేళ్లుగా ఒక్క రోజూ ఏడింటికి కదిలిన పాపాన పోలేదు.

మాది చేత్తో తిప్పే చిన్న డీజిల్ ఇంజిన్. దాని నెత్తిన వేలెడంత మీట ఉంటుంది. మీట లేపితే లోపల గాలి బిగియదు, హ్యాండిల్ సులువుగా తిరుగుతుంది. నాలుగు చుట్లు తిప్పి, జోరందుకోగానే మీట దించితే ఇంజిన్ పలుకుతుంది. ఇంతే విద్య. మా బావ దీనికి ముందు ఆయిల్ చూస్తాడు, గుడ్డతో తుడుస్తాడు, చొక్కా చేతులు మడుస్తాడు, మడత కుదరలేదని విప్పి మళ్లీ మడుస్తాడు. అప్పుడు మొదలవుతాయి బుజ్జగింపులు.

"లేమ్మా తల్లీ, తెల్లారింది. అందరూ వచ్చేశారు, నీదే ఆలస్యం."

తల్లి లేవదు.

"ఏమైంది బావా?" అని పై నుంచి నేను.

"అలిగింది."

రోజుకో సాకు. సోమవారం అలక, మంగళవారం బద్ధకం, బుధవారం "రాత్రి సరిగ్గా నిద్రపట్టినట్టు లేదు." ఒక వాన రోజున "దిగులుగా ఉంది, కదిలించకు" అన్నాడు. ఈలోగా జనం నా ప్రాణం తోడేసేవారు, ఎదురుగా కనిపించేది నేనే కదా. ఒక మాస్టారు కూర్చున్నచోటే తరగతి మొత్తం పరీక్ష పేపర్లు దిద్దేశారు. అందరికంటే చివర్లో వచ్చి అందరికంటే గట్టిగా తిట్టేది మాత్రం అవతలి ఒడ్డున బట్టల కొట్లో మిషను కుట్టే పెద్దావిడ.

"ఇంకా కదల్లేదా? ఆ మనిషికి ఇంజినెందుకు, తెడ్డివ్వండి" అనేది. లాంచీ అంతా నవ్వేది. కింద నుంచి బావ కూడా నవ్వేవాడు. అది వింటే నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి ఫిర్యాదు ఆఫీసుకెళ్లింది. ఒక ఆఫీసరు వచ్చి, రేపు మూడు ప్రయత్నాల్లో స్టార్ట్ కాకపోతే దీన్ని పీకేసి బటన్ నొక్కే ఇంజిన్ పెడతామనీ, ఇక బావ ఇంటికెళ్లొచ్చనీ తేల్చి చెప్పాడు.

"ఇంజిన్ లేకపోతే ఆయన ఇంట్లో కూర్చుని నన్ను బుజ్జగిస్తాడు, నావల్ల కాదు. ఎలాగైనా గట్టెక్కించరా" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ ఆ పూట ఏమీ తినలేదు.

మర్నాడు ఏడయింది. బావ తిప్పాడు. పలకలేదు. రెండోసారి తిప్పాడు. పలకలేదు. పైన నా పక్కన నిలబడ్డ ఆఫీసరు రెండో వేలు ముడిచాడు. నేను ఉండబట్టలేక నిచ్చెన దిగి కిందికి పరుగెత్తాను. చూద్దును కదా, హ్యాండిల్ దగ్గర బావ చెమటలు కక్కుతున్నాడు, మీట లేచే ఉంది. దాన్ని దించకపోతే సాయంత్రం దాకా తిప్పినా ఇంజిన్ పలకదు.

"బావా, మీట దించలేదు."

"తెలుసు."

"మతి పోయిందా? దించు."

ఆయన కిటికీలోంచి రేవు మెట్లు చూపించాడు. పెద్దావిడ మోకాలు పట్టుకుని, మెట్టుమెట్టుకూ ఆగి దిగుతోంది.

"ఇంకా పన్నెండు మెట్లున్నాయి" అన్నాడు.

"ఆవిడ కోసం ఆగామని ఆఫీసరుకు చెప్తాను."

"ఆరేళ్ల కిందట ఓసారి ఆవిడతోనే అన్నావుగా, మీకోసమే ఆపామమ్మా, మెల్లగా రండి అని. నాలుగు రోజులు పనికే రాలేదు. ఒకళ్లకి బరువు కావడం ఆవిడకు గిట్టదురా. ఇంజిన్ మొరాయిస్తే తప్పు ఇంజిన్‌ది."

"మరి నీ ఉద్యోగం?"

"పది మెట్లు" అన్నాడు, మూడోసారి హ్యాండిల్ తిప్పుతూ.

ఆరేళ్లుగా ఆయన్ని తిట్టిన నేనే మిగిలిన మెట్లు ఆయనతో పాటు లెక్కపెట్టాను. మా అక్కకు ఎంత మంచి మొగుడు దొరికాడో అని ఆ రోజే గర్వపడ్డాను.

పెద్దావిడ ఎక్కింది. కూర్చుంటూనే, "ఇంకా కదల్లేదా? ఈ మనిషిని మార్చరేం" అంది ఆఫీసరు మొహం మీదే. బావ ముసిముసిగా నవ్వుకుంటూ నాలుగోసారి తిప్పి మీట దించాడు. ఇంజిన్ ఠక్కున అందుకుంది.

"మూడు దాటింది" అన్నాడు ఆఫీసరు.

"అవతల ఆపి మళ్లీ చూడండి సార్" అన్నాను.

అవతలి ఒడ్డున ఐదుసార్లు ఆపించి చూశాడు. ఐదుసార్లూ ఒక్క ప్రయత్నంలో పలికింది.

"మరి పొద్దున ఏమైంది?"

"పొద్దున్నే దానికి కాస్త బద్ధకమండీ" అన్నాడు బావ వినయంగా.

ఆఫీసరు గడ్డం గోక్కుని, "ఇంజిన్ బాగానే ఉంది, టైమే బాగోలేదు" అని రాసుకున్నాడు. వారం తిరక్కుండా రేవు బోర్డు మీద ఏడు గంటలు చెరిపి ఏడూ పది చేశారు. బావ కొలువు నిలిచింది. ఇక పేచీ వస్తే ఆఫీసరు ఊరుకోడు కాబట్టి ఇంజిన్ కూడా ఒక్క తిప్పుకే లేస్తోంది.

చిక్కల్లా ఒక్కటే. టైము మారిందని పెద్దావిడా పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరుతోంది. అందుకని ఈమధ్య నాకు రేవులో కట్టిన తాడు ముడి ఒక పట్టాన విడిపడటం లేదు. తాడు విప్పడం రాని సరంగునని రేవంతా చెప్పుకుంటున్నారు.

మొన్న పెద్దావిడ తన చోట్లో కూర్చుంటూ నన్ను ఎగాదిగా చూసి, "బావకు తగ్గ బావమరిది" అంది. ఆ మాట ఇంటికెళ్లి అక్కకు రెండుసార్లు చెప్పాను.