వదిన నడకకు ఒక బిందె

పొద్దున నువ్వు సోఫా చుట్టూ తిరుగుతుంటే ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నావనుకున్నాను. అడిగితే, "అడుగులు తక్కువైనయ్ అమ్మమ్మా, వాచ్ ఒప్పుకుంటలేదు" అన్నావు. కాసేపు కూర్చుంటే చాలు, చేతి మీద జివ్వుమని లేపుతుందట. ఉద్యోగం చేసే పిల్లవు, టీపాయ్ చుట్టూ అన్ని ప్రదక్షిణలు చేస్తుంటే మీ అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ చపాతీల పనిలో పడిపోయింది. ఎందుకే అని కూడా అనలేదు. నాకు అక్కడే మనసు ఆగిపోయింది. సరే, ఆ వాచ్ తీసి పక్కన పెట్టు. కాగితం తెచ్చుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ కాలేజీ తెలుగులోకి మార్చకు.

మా పెద్దవదిన సంగతి ఇది. పేరు రాయకు, వదిన అని రాస్తే చాలు. ఆమెను పేరు పెట్టి నేను ఎన్నడూ పిలవలేదు, ఈ వయసులో మొదలుపెడితే నాకే వింతగా ఉంటుంది.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. నిజాం కాలం, ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతోందని చెప్పుకునేవాళ్ళు. వరంగల్‌లో మా వాడంతా సాలోళ్ళ ఇళ్ళే. యుద్ధం మాకు కనబడింది నూలులోనే. దొరికేదే తక్కువ, దొరికింది కూడా ముట్టుకుంటే తెగేది. మా బాపు, మా అన్న చెరొక మగ్గం మీద కూర్చునేవాళ్ళు. వదిన రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. కండె అంటే, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న నూలు చుట్ట. రెండు మగ్గాలు ఆగకుండా ఆడాలంటే ఆ ఒక్క మనిషి లేవకూడదు. పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా అంతే. పక్కనే చంటిది ఉయ్యాల్లో ఏడిస్తే కాలితోనే ఊపేది. చేతులకు తీరిక ఉంటే కదా.

తిండి సంగతి చెప్పాలి. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలం, తర్వాత మా అమ్మ. వదిన తినేసరికి పొద్దు తిరిగిపోయేది. అప్పుడు కుండలో మిగిలిందంతా ఆమెదే. పిల్లలు వదిలేసిన ముద్దలూ ఆమెవే. మా ఇళ్ళల్లో అన్నం పారబొయ్యరు. పడుగుకు, అంటే మగ్గం మీద నిలువు దారాలకు, పెట్టే గంజి బియ్యంతోనే కాస్తాం కదా, దారం గట్టిగా నిలబడేది దాంతోనే. అన్నం పారేస్తే మగ్గం అలుగుతుందని మా అమ్మ అనేది. అందుకని పడుగుకు పెట్టగా మిగిలిన గంజిలో కూడా ఇంత ఉప్పేసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుంటూ వదినే తాగేసేది. పొద్దంతా ఖాళీ కడుపు, తర్వాత ఒక్కసారే నలుగురి తిండి, మళ్ళీ రాట్నం. రెండో కాన్పు తర్వాత ఒళ్ళు బాగా వచ్చింది. వాడలో ఆడవాళ్ళు చూసి "మీ కోడలు నిండుగ ఉన్నదే" అంటే మా అమ్మ ముఖం వెలిగిపోయేది. కోడలు బక్కగా ఉంటే అత్త తిండి పెట్టదని మాట వస్తుంది మరి. వదిన నాలుగు మెట్లెక్కి ఆయాసపడుతుంటే అది కూడా ఇల్లు చల్లగా ఉన్నదనడానికి గుర్తే అనుకున్నాం.

ఒకసారి చంటిదానికి చెవిలో చీము పట్టింది. హన్మకొండ దవాఖానకు వదిన, తోడుగా నేను వెళ్ళాం. అక్కడ మందు పోసే నర్సమ్మ మా పక్కవాడ కిరస్తానీ వాళ్ళ ఇంటి పిల్లే, మా దగ్గర చీరలు కొనేది. చంటిదాని చెవి తుడిచి, పిల్లను పక్కన పడుకోబెట్టి, వదిన కాళ్ళవైపు చూసింది. వదిన కాళ్ళకు పుట్టింటివాళ్ళు పెట్టిన వెండి కడియాలు ఉండేవి. అవి కండలో దిగబడి కదలకుండా ఉన్నాయి.

"పిల్లకేం ఫికర్ లేదు, మానుతది. నీ సంగతేంది వదినా? గా కడెం ఎప్పుడన్న తిరుగుతదా?"

"పెండ్లైన కొత్తల తిరిగేది" అని వదిన నవ్వింది.

నర్సమ్మ నవ్వలేదు. ఏం తింటావు, ఎప్పుడు తింటావు అని అన్నీ అడిగింది. "పొద్దుగాల ఇంత రొట్టె తిను. అందరు తిన్నంక కుండ ఊడ్సుడు బంద్ వెట్టు. రోజు జర దూరం నడువు. గిట్లనే కూసుంటె ఇంకో కాన్పుకు నీ పానం మీదికే వస్తది, సూడు" అంది.

ఇంటికి వస్తూ దారిపొడుగునా వదిన చంటిదాన్ని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూనే ఉంది. మా వాడ మలుపులో ఆగి, "నడువుమన్నది గని ఏడికి నడువాలె పిల్లా? పని లేకుంట ఆడిది బజార్ల తిరిగితె ఏమంటరు?" అంది.

"ఏమంటరు?"

"ఒకరు తలకాయ చెడిన పిస్సది అంటరు. ఇంకొకరు ఇంకోటంటరు."

నాలుగు రోజులైనాక, బాపు తెగిన పోగులు ముడేసుకుంటూ నూలును తిడుతుంటే వదిన తలుపు చాటు నుంచి అంది. "మామా, మట్టికోట అవతల మోటబాయి నీళ్ళతోని గంజి కాస్తె పోగు తెగదట. మా తల్లిగారింట్ల మంచినీళ్ళ గంజే పెడ్తరు. నేను వొయ్యి తెస్త." బాపుది ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా నమ్మే స్థితి. తెచ్చి చూడమన్నాడు. ఒక్కతే అంత దూరం పోకూడదు కాబట్టి చిన్న ముంత చేతికిచ్చి నన్ను వెంట పంపారు.

ఆ రెండు నెలలు నాకు ఇప్పటికీ చల్లగా తగులుతాయి. పొద్దు పొడవక ముందే బయలుదేరేవాళ్ళం. కోట మట్టికట్ట ఎక్కి దిగాలి, అటువైపంతా సీతాఫలం చెట్లు. మొదట్లో వదిన మూడు చోట్ల కూర్చునేది. తర్వాత ఒక్కచోట. తర్వాత బిందె దించకుండానే ఇంటికి వచ్చేది. బావి దగ్గర కొంగుముడి విప్పి జొన్నరొట్టె తీసి, నాకో తుంట ఇచ్చి తను తినేది. ఆమె కడుపులో పొద్దున్నే తిండి పడటం నేను చూసింది అక్కడే. ముందు రోజు మిగిలిన గంజి కూడా చిన్న కుండలో తెచ్చి, బావిలోంచి నీళ్ళు తోడే మోటెద్దుకు పోసేది. పారబోస్తే పాపం, ఎద్దుకు పోస్తే పుణ్యం. ఆ ఎద్దు మమ్మల్ని దూరం నుంచే గుర్తుపట్టి తల ఊపేది. వదిన తగ్గుతుంటే అది ఒళ్ళు చేసింది. మోట తోలే ముసలాయన, "మీ గంజి తాగి ఇది మొద్దుబారింది, మోట గుంజుతలేదు" అని గొణిగేవాడు. వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇంట్లో ఆమె అలా నవ్వగా నేను వినలేదు.

చెప్పొద్దూ, బాపుకు పోగులు తెగడం కూడా తగ్గింది. నీళ్ళ మహిమేమో నాకు తెలియదు. ఆ గంజిని వదిన వడగట్టి, ఉండ లేకుండా గంటసేపు కలిపేది, నాకు తెలిసిన రహస్యం అదే. ఒకనాడు బావి గట్టు మీద కూర్చుని ఆమె కాలు చాపి కడియాన్ని రెండు వేళ్ళతో పట్టుకుంది. అది తిరిగింది. కొంచెమే తిరిగింది. "సూడు పిల్లా, తిరుగుతాంది" అని నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది. బంగారు వడ్డాణం పెట్టినా ఆమె అంత సంతోషపడేది కాదు.

ఇక నేను చేసింది రాయి. సర్దకుండా రాయి.

చలికాలం వచ్చింది. నాకు పొద్దున్నే దుప్పట్లోంచి లేవబుద్ధయ్యేది కాదు. అప్పుడే మడమలో ముల్లు విరిగింది. నేను రానని చెబితే వదిన బతిమాలుతుంది, బతిమాలితే కాదనలేను. అందుకని ఒక తెలివి చేశాను. బాపు ఒంటరిగా ఉన్నప్పుడు పోయి, "బాపూ, వదినకు కాళ్ళు బాగ గుంజుతున్నయట. మీకు చెప్పలేక నా దగ్గర ఏడుస్తాంది" అన్నాను. అబద్ధానికి అంత మంచి బట్ట కట్టడం పదకొండేళ్ళకే నేర్చుకున్నాను.

బాపు చాలా మెత్తని మనిషి. మర్నాడు మేం లేచేసరికి వాకిట్లో కావడి పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. "ఆ బాయి నీళ్ళు ఇగ ఈయన తెస్తడు. ఇద్దరు పిల్లల తల్లివి, నీకెందుకమ్మా గంత తిప్పలు? బాధ ఉంటె నాకు చెప్పుకోవద్దా?" అన్నాడు బాపు. ఆ గొంతులో నిజంగానే తడి ఉంది. వదిన ఖాళీ బిందె నడుమున పెట్టుకుని నా వైపు చూసింది. నేను ఒక్క మాట అనొచ్చు. బాపూ, నాకే కాలు నొప్పి, ఆమెకు కాదు. అంతే. కానీ నేను కాలి బొటనవేలితో వాకిట్లో గీతలు గీస్తూ నిలబడ్డాను. ఆమెకూ దారి లేదు. నీళ్ళ కోసం కాదు మామా, నడవడానికే నడుస్తున్నానని ఏ నోటితో అంటుంది? "మంచిది మామా" అని బిందె దింపి, లోపలికి పోయి రాట్నం ముందు కూర్చుంది. ఆ రోజు వాడంతా మా బాపును మెచ్చుకున్నారు, కోడలిని బిడ్డ లెక్క చూసుకుంటాడని. నేను దుప్పటి ముసుగేసుకుని హాయిగా పడుకున్నాను.

కావడి చాలా ఏళ్ళు నడిచింది. వదిన నడవలేదు. మిగిలిన గంజి తాగడానికి ఎద్దు లేదు, మళ్ళీ ఆమే ఉంది. నర్సమ్మ అన్నట్టే మూడో కాన్పు రెండు రోజులు పట్టింది. దక్కిందని అందరం దండాలు పెట్టుకున్నాం. నాకు పెళ్ళై పోయాక, పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఆమె ఇంకొంచెం పెద్దగా, ఇంకొంచెం మెల్లగా కనబడేది. నలభై దాటాక పీట మీద నుంచి లేవాలంటే ఇంకొకరి చెయ్యి కావలసి వచ్చేది. షుగర్ అని డాక్టర్లు చెప్పేనాటికి చూపు కూడా మసకబారింది.

ఒకసారి మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పేశాను. "వదినా, ఆ కావడి పెట్టించింది నేనే. నీకు కాళ్ళ నొప్పులని బాపుకు అబద్ధం చెప్పిన."

ఆమె తడుముకుంటూ వక్క పలుకు నోట్లో వేసుకుంది. "నాకు ఎర్కనే. నువ్వు గీతలు గీసుకుంట నిలవడ్డప్పుడే ఎర్కైంది."

"మరి ఎన్నడు తిట్టకపోతివి?"

"నిన్ను తిట్టి ఏం లాభమే? నువ్వు పోరివి. నోరు నాది, నేను ఎందుకు తెరువకపోతి?" వక్క నములుతూ, "ఆ ఎద్దు ఇంక ఉన్నదంటవా?" అంది. పాతికేళ్ళు దాటిపోయాయి. ఇద్దరం నవ్వాం, ఆయాసం వచ్చేదాకా. వచ్చే వారం రిక్షా మాట్లాడి బావి దగ్గరికి తీసుకుపోతానని మాటిచ్చాను. ఆ వారం మీ మేనమామకు జ్వరం, తర్వాతి వారం వాన, ఆ తర్వాత ఏదో పెళ్ళి. వానలు తగ్గకముందే ఆమె పోయింది. కడియాలు తీయబోతే రాలేదు. నగలు చేసే అవుసలాయనను పిలిచి కోయించాం. ఆయన కోస్తుంటే నేను కాలు పట్టుకున్నాను. ఒకనాడు నా చేతి కింద తిరిగిన కడియమే అది.

అదేంటి, కాగితం పక్కన పెట్టి ఫోన్‌లో ఏదో చూస్తున్నావు. కొలిచావా? మా పాత వాడ నుంచి కోటకట్ట అవతలి దాకా మైలు కూడా లేదంటున్నావు. లేదా? నాకు ఎంతో దూరమని గుర్తు. వాచ్ పెట్టుకో బిడ్డా, నీ అడుగులు నువ్వు నడువు, ఎవరైనా ఎందుకని అడిగితే నడవడానికే అని చెప్పు. నేనైతే ఆ చలికాలం ఒక్క మైలు తప్పించుకున్నాను, ఎనభై ఏళ్ళుగా దాన్నే నడుస్తున్నాను, బావి ఇంకా అంత దూరంలోనే ఉంది.