పొయ్యి పక్క తలుపు

అత్తగారు టేపు లాగే క్షణానికి అన్నయ్య అక్కడ ఎందుకు లేడు? తన పని మీద నమ్మకమా, చూసే ధైర్యం లేకనా? ఆ చెల్లెలికి ఈనాటికీ అంతుపట్టలేదు.

ఆయన పెయింటర్. పరాయివాళ్ల ఇళ్లలో పనికి ప్రాణం పెట్టేవాడు. సొంత చెల్లెలి వంటింటి చెక్క అల్మరాలకు మాత్రం పోయినసారి జిడ్డు పైపైన తుడిచి రంగు వేసేశాడు. ఏడాది తిరక్కుండానే పొయ్యి పక్క తలుపు పాములా కుబుసం విడిచింది. అయినా చెల్లెలు పట్టుబట్టి మళ్లీ ఆయన్నే పిలిపించింది.

ఈసారి తలుపులన్నీ విప్పి దింపాడు. వాషింగ్ సోడా కలిపిన వేడినీళ్లతో జిడ్డు వదిలేదాకా కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ పూశాడు. అది ఆరాక పల్చగా పూత మీద పూత వేశాడు. బాగా గట్టిపడేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

"పోయినసారీ ఇలాగే నిగనిగలాడింది నాయనా," అంది అత్తగారు. "మళ్లీ ఊడిందా, ఇక ఈ ఇంట్లో నీ చెల్లెలి మాట చెల్లదు."

"నా మాటెందుకు అత్తయ్యగారూ, మీ చేత్తోనే తేల్చండి."

పొయ్యి పక్క తలుపు లోపలి మూల బ్లేడుతో సన్నగా గళ్లు గీసి, వాటి మీద టేపు అంటించి అదిమాడు. పట్టు లేని రంగైతే టేపుతోపాటే ఊడొస్తుంది.

చెల్లెలు ఆ మూలకేసి వంగింది. అత్తగారు టేపును చర్రున లాగి, వెలుతురుకేసి తిప్పి తిప్పి చూసింది. రంగు రవ్వంతైనా అంటలేదు.

"పర్లేదే, మీ అన్న గట్టివాడే!"

"విన్నావా అన్నయ్యా?" అంటూ చెల్లెలు వెనక్కి తిరిగింది.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం దగ్గర ఆయన చెప్పులూ లేవు, బ్రష్షుల సంచీ లేదు.