పావు చుట్టు

విమానాల రిపేరులోనే నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరై ముత్తియాల్‌పేట ఇంటికి వచ్చాక నాకేమీ తోచదు. మొన్న ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎక్కడో అమెరికా ఎడారిలో, సర్వీసు అయిపోయిన యుద్ధవిమానాలు వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి. ఎండకు తట్టుకోవాలని అద్దాలకు తెల్ల పూత పూశారు. నా కళ్లు మాత్రం టైర్ల మీదికే పోయాయి. అన్నీ అడుగున అణిగిపోయి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. నిలిపి ఉంచిన విమానాన్ని వారానికోసారి కాస్త నెట్టి, చక్రం పావు చుట్టు తిరిగేలా చూడాలి. లేకపోతే బరువంతా ఒకేచోట పడి టైరు పాడవుతుంది. ఇక ఎగరదని తెలిసినదాన్ని కూడా మేము వదలకుండా నెట్టేవాళ్లం.

కూర్చోలేక వాకిట్లోకి పోయాను. నెలల తరబడి నడపని నా స్కూటర్‌ను, ప్రతి సోమవారం లాగే స్టాండు తీసి పావు చుట్టు నెట్టాను. లోపలికి వచ్చేసరికి నా భార్య నా వైరు కుర్చీని కిటికీ దగ్గరికి ఈడుస్తోంది.

"ఏందిది?" అన్నాను.

"చూడండి, ఒక పక్కే ఎట్ల కుంగిపోయిందో! ఇంక సోమారం సోమారం మిమ్మల్ని గూడా జరపతాను" అంది.