ఎడ్సెల్ నడిచిన వంటగది

పనోరమా సిటీలో లిగాయ వాళ్ళ వంటగది మరీ ఇరుకు. పొయ్యికీ బల్లకీ మధ్య ఒక మనిషి నడిచే చోటే ఉంటుంది. ఆ చోటు ఆమె తమ్ముడు ఎడ్సెల్‌ది. సాయంత్రం పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే పని ముగించుకుని అక్క, సరుకుల ట్రక్కు దిగి తమ్ముడు ఇంటికి చేరేవాళ్ళు. ఆమె బల్ల ముందు కూర్చుని కంప్యూటర్ తెరిచేది. అతను కిటికీ దాకా నడుస్తూ, మళ్ళీ వెనక్కి వస్తూ మాట్లాడేవాడు. ముసలి రోగీ అతనే, నర్సూ అతనే, నేల తుడిచే ఆయనా అతనే. అతను తిరగడానికి వీలుగా వాళ్ళమ్మ రెమెదియోస్ పొయ్యికి ఆనుకుని నిలబడి కూర కలిపేది. జాకెట్టు అంచు ఎన్నిసార్లు కమిలిందో.

అతను పది మాటలంటే లిగాయ మూడు కొట్టేది.

"దొంగక్కా! నా మాటలన్నీ ఏం చేశావ్?"

"ఉన్నాయిగా, మూడు."

"మిగతావి?"

"ఆ ముసలాయన మొహంలో ఉన్నాయిలే. చూసేవాళ్ళకి తెలుస్తుంది."

"ఇక నటులెందుకు, గోడకి ఫొటోలు తగిలించి చూపిద్దాం!"

రెమెదియోస్ గరిటె వదిలేసి నవ్వేది.

వాళ్ళు రాసింది టీవీ కోసం. ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో రాత్రిపూట పనిచేసేవాళ్ళ కథ. అమ్మ ఏళ్ళ తరబడి చేస్తున్న పనే అది. బర్‌బ్యాంక్‌లో ఒక స్టూడియో ఏటా కొత్త రచయితలను కొందరిని ఎంచుకుని, చేయి తిరిగినవాళ్ళ దగ్గర పని నేర్పిస్తుంది. అక్కడ నెగ్గుకొస్తే సీరియళ్ళు రాసే గదుల్లో చోటు దొరుకుతుంది. ఆ చలికాలంలో ఇద్దరి పేర్లూ పెట్టి కథ పంపారు. పువ్వులు పూసే వేళకి ఎడ్సెల్ లేడు. ట్రక్కులోంచి పెట్టెలు దించుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది.

స్టూడియో వాళ్ళు ఫోన్ చేసి, "మీ ఇద్దర్నీ తీసుకున్నాం" అన్నప్పుడు లిగాయ డాక్టరు గారి గది బయట నిలబడి ఉంది. "థాంక్సండీ, వస్తాం" అంది. అబద్ధం చెప్పాలనుకోలేదు. ఆ నోటికి ఇంకో మాట అలవాటు లేదు.

పని నేర్పే ఆవిడ పేరు థెల్మా కెస్లర్. ఆసుపత్రి సీరియళ్ళు రాసి రాసి జుట్టు నెరిసిన మనిషి. లిగాయ వెళ్ళేసరికి బల్ల మీద రెండు కాఫీ కప్పులు పెట్టి ఉన్నాయి.

"రా అమ్మాయ్. మీ వాడేడీ, కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాడా? ఈ ఊళ్ళో దానికే సగం జీవితం పోతుంది" అని నవ్వబోయి, లిగాయ గుండె మీది నల్ల పిన్ను చూసి ఆగింది. లిగాయ వాళ్ళలో ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా ఆ పిన్ను తియ్యరు. థెల్మా వాళ్ళమ్మను చివరి రోజుల్లో చూసుకున్న మనీలా నర్సు కూడా అలాంటిదే పెట్టుకునేది.

"ఎవరు?" అంది మెల్లగా.

"తమ్ముడు. వాడే రావాల్సింది."

థెల్మా చేతిలో పెన్ను కింద పెట్టింది. "నేను దాచి చెప్పలేను. మా దగ్గర జంట అంటే ఒక్క రచయిత కింద లెక్క. జీతం ఒకటే, చోటూ ఒకటే. జంట ఎలా విడిపోయినా సరే, కలిసి రాసిన కథ ఇక ఏ ఒక్కరికీ చెల్లదు. అందులో ఎవరిది ఎంతో చదివేవాళ్ళకి తెలీదుగా? మొగుడూ పెళ్ళాం విడిపోయినా ఇదే పద్ధతి."

"మాటలన్నీ వాడివేనండీ. నేను టైపు కొట్టానంతే."

"అదీ తెలుస్తుందిలే. నువ్వొక్కదానివే రాసిన సీను ఒకటి వచ్చే వారం శుక్రవారం పట్టుకురా. బాగుంటే చోటు నీది. లేకపోతే తర్వాతివాళ్ళని పిలవాలి, ఏమీ అనుకోకు. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

లిగాయ తన కాఫీ తాగింది. రెండో కప్పు వైపు ఇద్దరూ చూడలేదు.

ఇంటికొచ్చి బల్ల ముందు కూర్చుంది. వేళ్ళు కంప్యూటర్ మీదే ఉన్నాయి, ఎదురుగా నడిచే మనిషి లేడు. ఒక మాట వినపడితే చాలు, సగమైనా చాలు, మిగతాది తను చూసుకుంటుంది. చివరికి లేచి అతని చోట నడిచింది. అతనిలాగే గొంతు మార్చి ముసలాయన మాట ఒకటి అంది.

"ఆపవే తల్లీ" అంది రెమెదియోస్, తిరిగి చూడకుండానే. "వాడిలా మాట్లాడకు. నావల్ల కావట్లేదు."

"నాకు రాదమ్మా. రాసింది వాడు."

"వాడు వాగేవాడు. వాగి నీ మొహం చూసేవాడు. నువ్వు పెదవి విరిస్తే మళ్ళీ మొదట్నించీ అందుకునేవాడు. నేనిక్కడే ఉన్నాగా, గోడలా!"

అమ్మ కదా, అలాగే అంటుంది అనుకుంది లిగాయ. ఆ వారమంతా పేజీ తెల్లగానే ఉండిపోయింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ పంది మాంసం, ముల్లంగి వేసి చింతపండు పులుసు కాచింది. ఎడ్సెల్‌కి ప్రాణం అది. వేడన్నం పెట్టి పులుసు పోసింది. పోశాక గాని ఎవరూ చూడలేదు, బల్ల మీద మూడు పళ్ళేలున్నాయి.

రెమెదియోస్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తియ్యడానికి చెయ్యి రాలేదు. లిగాయ తన పళ్ళెం ఖాళీ చేసి, తమ్ముడి పళ్ళెం ముందుకి లాక్కుని, ఒక్కొక్క ముద్దే తినడం మొదలెట్టింది. కడుపు నిండిపోయినా ఆపలేదు.

"పులుపెక్కువైందా?" అంది రెమెదియోస్.

"సరిపోయింది."

చేతులు కడుక్కుని వచ్చి కంప్యూటర్ తెరిచింది. దీపాలు పెట్టేలోపే సీను అయిపోయింది.

శుక్రవారం థెల్మా కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతుంటే లిగాయ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. సీను ఇది. ఆశ్రమంలో ఒక ముసలాయన పోయాడు. కొత్తగా చేరిన ఆయా మరిచిపోయి అతని గదికి భోజనం తీసుకెళ్తుంది. తలుపు దగ్గరే బిగుసుకుపోతుంది. పెద్ద ఆయా వచ్చి చూస్తుంది. పళ్ళెం అందుకుని, ఆ ఖాళీ మంచం మీద కూర్చుని, అన్నం మొత్తం తింటుంది, వంటింటికి నిండు పళ్ళెం తిరిగి వెళ్ళకుండా. అంతే.

థెల్మా కళ్ళద్దాలు తీసింది. "పేజీ మొత్తంలో ఒక్కరూ నోరు విప్పలేదు."

"అవునండీ. నాకు మాటలు..."

"ఆగు. మీ మొదటి కథలో కూడా ఇలాంటి చోట్లున్నాయి. అందరూ గలగలా మాట్లాడుతుంటే ఒక్కసారిగా ఒకరు ఊరుకుంటారు. నేను అక్కడే ఆగి మళ్ళీ చదివాను. అవి ఎవరివో ఇప్పుడు తెలిసింది. సోమవారం నుంచి రా. ఊరుకోవడం నీకు వచ్చు, మాట్లాడించడం నేను నేర్పిస్తా."

దారంతా లిగాయకి ఒకటే కోరిక. ఎవరైనా దొంగక్కా అని గట్టిగా అరిస్తే బాగుండును. ఒక్క మాట కూడా మిగల్చలేదేంటని పోట్లాడితే బాగుండును. అనుకున్న చోటు దొరికింది. దొరికిందని చెప్పాల్సిన మనిషే లేడు.

ఇంటికెళ్ళేసరికి రెమెదియోస్ ఏదో వేయిస్తోంది. "ఏమన్నారు?"

"రమ్మన్నారమ్మా."

రెమెదియోస్ తల ఊపింది. మోచేత్తోనే కళ్ళు తుడుచుకుని మళ్ళీ గరిటె తిప్పింది. లిగాయ బల్ల ముందు కూర్చుంది. ఎదురుగా కిటికీ దాకా దారంతా ఖాళీగా ఉంది. అయినా అమ్మ పొయ్యికి ఆనుకునే నిలబడి ఉంది, జాకెట్టు అంచు మంటకి తగిలేంత దగ్గరగా, ఎవరో నడవడానికి చోటు వదిలి.

జరగమని లిగాయ చెప్పలేదు.