ఏడో మెట్టు దగ్గరి నొక్కు

మా బాబాయికి చెక్క మీద గీత కనిపిస్తే అన్నం సహించదు. ముప్పయ్యేళ్లుగా బల్లలకీ బీరువాలకీ పాలిష్ పెడుతున్నాడు. ఎవరింటికెళ్లినా ముందు కుర్చీ చేతిని తడిమి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు. "మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజున కూడా ఈ మహానుభావుడు నన్ను కాదు, మా వీధి తలుపు చూశాడు" అని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటివాణ్ణి ఒక నొక్కు మాత్రం వదలకుండా పీడించింది. అది మా నాన్న గిటారు మెడ వెనక ఉండేది. బాబాయి కుర్రతనంలో, నాన్న కొత్తగా కొనుక్కున్న ఎలక్ట్రిక్ గిటారుని అడక్కుండా తీసి, భుజాన తగిలించుకుని, అద్దం ముందు పోజులు కొడుతూ జారవిడిచాడట. మెడ వెళ్లి ట్రంకుపెట్టె అంచుకి తగిలింది. స్వరాల కోసం మెడ మీద అడ్డంగా బిగించిన మెట్లలో సరిగ్గా ఏడోదాని వెనకాల, చిటికెనవేలి గోరంత నొక్కు పడింది. నాన్న ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాబాయి ఆ వారంలోనే మర్చిపోయేవాడు. తిట్టకపోబట్టి ఇన్నేళ్లూ మోశాడు.

నాన్న ప్రతి శనివారం సాయంత్రం ఒక హోటల్ హాల్లో పాత స్నేహితులతో కలిసి వాయిస్తాడు. కొన్నేళ్లుగా చూపు తగ్గుతోంది. ఆ సంగతి ఇంట్లో మాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. తెలిస్తే హాల్లో ఆయన కుర్చీ ఇంకొకరికి పోతుంది. ఆ కుర్చీ పోతే నాన్న మనిషి కాడు.

ఈ మధ్య కంటికి ఆపరేషన్ చేశారు. పోయిన చూపు రాదనీ, ఉన్నది నిలబెట్టడానికేననీ డాక్టరు ముందే చెప్పాడు. రెండు వారాలు గిటారు పట్టుకోవద్దన్నాడు. హాల్లో వాళ్లకి మామూలు శుక్లాల ఆపరేషనని చెప్పాం. నాకు బుర్రలో దీపం వెలిగింది. మెడ మీది వార్నిష్ చెమటకి బంకబంకగా తయారైంది, మెట్ల గుర్తుకి మెడ పక్కనుండే చుక్కలు అరిగిపోయాయి. గిటారుని గుట్టుచప్పుడు కాకుండా బాబాయి ఇంటికి చేర్చి, "మెడంతా కొత్తగా చెయ్యి బాబాయ్. చుక్కలు పెద్దవి పెట్టు, నాన్నకి కనపడాలి" అన్నాను.

బాబాయి పెరటి వరండాలో దుప్పటి పరిచి, తీగలు వదులు చేసి, నాలుగు మరలు విప్పి మెడని విడదీశాడు. మెట్ల వైపు కాగితం అంటించాడు. పాత వార్నిష్‌ని గరుకు కాగితంతో మొదలుపెట్టి, నున్నటి కాగితం దాకా, చెక్క పోగు వెంబడే రుద్దాడు. రెండో రోజు నాకు ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, ఆ నొక్కు కూడా తీసెయ్యనా? ఎందుకైనా మంచిది, నాన్నని ఓసారి అడిగి చెప్పు."

"అడిగితే ఇంక సర్‌ప్రైజేముంది బాబాయ్? తీసెయ్" అన్నాను. నా ముందు కాగితాల గుట్ట ఉంది, ఫోన్ పెట్టేస్తే చాలనిపించింది.

తీసేశాడు. తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి చెక్క ఉబ్బి పైకొచ్చింది. పిన్నిని వంటింట్లోంచి పిలిచి మరీ వేలు పెట్టించాడట. ఆ పైన తేనెరంగు, రోజుకొకటి చొప్పున పల్చటి వార్నిష్ పూతలు. పక్కన బఠాణీ గింజల్లా తెల్లచుక్కలు. నాన్న మళ్లీ హాల్‌కి వెళ్లాల్సిన శనివారానికి ముందు రోజు పొద్దున్నే బిగించి తెచ్చాడు.

నాన్న గిటారు ఒళ్లోకి తీసుకున్నాడు. బొటనవేలు మెడ వెనక పైకి వెళ్లింది, కిందికి వచ్చింది, మళ్లీ పైకి వెళ్లింది.

"ఏదిరా అది?"

"ఏది అన్నయ్యా?"

"నొక్కు."

"తీసేశాను!" బాబాయి మొహం వెలిగిపోతోంది.

నాన్న గిటారు పక్కన పెట్టాడు. "ఆ హాల్లో దీపాలు మసక. చుక్కలు కనపడ్డం మానేసి రెండేళ్లయిందిరా. వేలికి ఆ నొక్కు తగిలితే అది ఏడో మెట్టు. అక్కణ్ణించే ముందుకీ వెనక్కీ లెక్క. దాన్ని పట్టుకునే నెట్టుకొస్తున్నాను. నన్నొక్క మాట అడగాల్సింది కదరా."

బాబాయి తల తిప్పి నావైపు ఒక్కసారి చూశాడు. కుక్కిన పేనులా నిలబడ్డాను.

"తప్పు నాదే అన్నయ్యా. నొక్కు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు" అన్నాడు బాబాయి.

"సర్లే. ట్రంకుపెట్టె ఇంకా మంచం కిందే ఉంది. మళ్లీ కొట్టు."

మళ్లీ తీగలు వదులయ్యాయి, మరలు ఊడాయి. నాన్న తడిమి తడిమి గోటితో చోటు చూపించాడు. ముప్పయ్యేళ్లుగా నొక్కులు తీసిన మనిషి, తన చేత్తో పెట్టిన పూత మీద తనే నొక్కు పెట్టాలి. మెడని రెండుసార్లు ఎత్తి దించేశాడు. మూడోసారి ట్రంకుపెట్టె అంచుకి కొట్టాడు. పూత చిట్లిపోయింది. దాని అంచులు నున్నగా రుద్దుతూ బాబాయి ఏడ్చాడు, దాచుకోకుండా ఏడ్చాడు.

నాన్న వేలు పెట్టి చూశాడు. "అదే చోటు. అచ్చం అదే."

మర్నాడు హాల్లో బాబాయీ నేనూ వెనక వరసలో కూర్చున్నాం. నాన్న చెయ్యి పైకి వెళ్లిన ప్రతిసారీ నొక్కు దగ్గర ఆగి, ఒక్క వెంట్రుకవాసి వెనక్కి జరుగుతోంది. రెండుసార్లు స్వరం తప్పింది. ఆపరేషన్ నీరసం అనుకున్నాడో ఏమో, పక్కనున్న డ్రమ్ములాయన నవ్వి ఊరుకున్నాడు. బాబాయి తలెత్తలేదు.

బయటికొచ్చాక అడిగాడు. "నువ్వైనా నిజం చెప్పమ్మా. తేడా పడింది కదూ?"

"లేదు బాబాయ్" అన్నాను.

నాన్న నెమ్మదిగా కొత్త నొక్కుకి అలవాటు పడుతున్నాడు. ఇప్పటికీ మేమంతా కలిసి కూర్చున్నప్పుడు, "వీడికి చిన్నప్పట్నుంచీ అంతే, అడక్కుండా ముట్టుకుంటాడు" అని నవ్వుతాడు. బాబాయీ నవ్వుతాడు. నావైపు మాత్రం చూడడు. అడగమన్నది బాబాయేననీ, అక్కర్లేదన్నది నేననీ నాన్నకి ఇంతవరకూ చెప్పలేదు.