సుగుణ మేడం చేతిసంచి

సోమవారం పొద్దున కోరుట్లలో మా బడి గేటు దగ్గర పిల్లలు బ్యాగుల తనిఖీకి వరసగా నిలబడ్డారు. అలవాటు ప్రకారం ముందు నా బ్యాగు బల్ల మీద బోర్లించాను. లవంగాల డబ్బా మూత ఊడి గుప్పున వాసన వచ్చేసరికి సుగుణ మేడం గుర్తొచ్చారు. లవంగాలు పెట్టుకోవడమూ ఆమెను చూసి నేర్చుకున్నదే. జగిత్యాల దగ్గరి బడిలో ఆమె హెడ్మాస్టరు, నేను కొత్త టీచర్ని. పిల్లలు బడికి ఆయుధాలు తేకుండా బ్యాగులు చూడాలని పైనుంచి ఆర్డరు రాగానే ఆమె తన చేతిసంచి దులిపారు. "మొదలు నాది సూడుండ్రి. తర్వాత మీయి సూస్త." బీపీ గోలీలు, పళ్ళూడిన దువ్వెన చూసి నవ్వుతూ పిల్లలు తమ బ్యాగులు తెరిచేవారు. పాటలు నేర్పినా, చాక్లెట్లు పంచినా నాకు దక్కని చనువు అది. చూసి కుళ్ళుకునేదాన్ని.

ఒక సోమవారం నా పదో తరగతి పిల్ల రవళి బ్యాగు తెరవలేదు. ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళి చూస్తే, టిఫిన్ డబ్బా కింద తువ్వాలలో చుట్టిన నాటు తపంచా. మక్కచేను మీద పడే అడవి పందుల కోసమని వాళ్ళ నాన్న దొంగచాటుగా కొన్నాడట. తాగినప్పుడల్లా దాన్ని భార్య మీదికి ఎత్తేవాడట. "ఇంట్ల ఉంటె మా అవ్వను సంపుతడని తెచ్చిన మేడం," అంది రవళి. క్లాస్ టీచర్ని నేను. ఆ మాట మాత్రం నా వెనక నిలబడ్డ సుగుణ మేడంతో చెప్పింది.

"పాతబాయిల పారేద్దాం మేడం, ఎవలకు ఎర్కగాదు," అన్నాను. ఆ పిల్ల నన్నే తలుచుకోవాలన్న ఆశ తప్ప అందులో మంచి ఆలోచనేమీ లేదు. మేడం గదికి తాళం వేసి పోలీసులకు ఫోన్ చేశారు. "ఇయ్యాల దాస్తె రేపు వాళ్ళయ్య ఇంకోటి తెస్తడు పద్మా. కేసు కావాలె. పిల్ల ఎందుకు తెచ్చిందో గూడ మనమే రాసియ్యాలె." సాయంత్రం దాకా స్టేషన్ బెంచీ మీద రవళి తల ఆమె ఒళ్ళోనే ఉంది. నేను టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డాను. తండ్రి అరెస్టయ్యాడు. పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకూ మేడమే వెంట వెళ్ళారు. రవళి మందలింపుతో బయటపడి పరీక్ష రాసింది.

తర్వాత తల్లీకూతుళ్ళు సిరిసిల్లలో మేనమామ దగ్గరికి వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది రవళి మెమో కోసం వచ్చేసరికి మేడం రిటైరయ్యారు. "గిది మేడంకు ఇయ్యుండ్రి టీచర్," అని నా చేతిలో ఓ ఉత్తరం పెట్టింది. ఆ పిల్ల గేటు దాటకముందే విప్పి చదివాను. రెండు పేజీల్లో నా పేరు ఎక్కడా లేదు. ఇవాళ ఇద్దాం, రేపు ఇద్దాం అనుకుంటూనే ఇవ్వలేదు. మేడం మంచాన పడ్డాక చూడటానికి వెళ్తే, "మన రవళి ఎట్లున్నదో, ఏమన్న ఎర్కనా?" అని అడిగారు. ఉత్తరం నా బ్యాగులోనే ఉంది. "తెల్వది మేడం," అన్నాను. ఆ నెలలోనే ఆమె పోయారు.

ఇప్పటికీ పిల్లల ముందు అన్నీ బోర్లిస్తాను, లోపలి జిప్పు ఒక్కటి తప్ప. ఇవాళ ముందు వరసలోని చిన్నపిల్ల వేలుపెట్టి చూపించింది.

"మేడం, గా జిప్పు తియ్యలే?"

"అండ్ల ఏం లేదు బిడ్డా," అని నా బ్యాగు మూసి, తన బ్యాగు తెరవమన్నాను.